వకాండా ప్రజలు రాజుని ప్రశ్నిస్తే తప్పా?

ఈ రోజు ఎపిసోడ్ కొంచెం పర్సనల్. ఎందుకంటే ఈ టాపిక్ మీద మా అన్నయ్యకీ నాకూ ఫోన్‌లో రెండు గంటలు గొడవ అయింది. మా పెద్దమ్మ కొడుకు. నాకు కామిక్స్ పిచ్చి పట్టించిందే తను. చివరికి ఫోన్ పెట్టేశాడు, వారం రోజులు మెసేజ్ కూడా లేదు. దేని గురించి గొడవ అంటే, మ్యాప్‌లోనే లేని ఒక దేశం గురించి. వకాండా.

నవ్వకండి. మొత్తం విన్నాక మీరు కూడా ఏదో ఒక పక్షం తీసుకుంటారు.

మనలో చాలామందికి వకాండా అంటే 2018లో వచ్చిన 'బ్లాక్ పాంథర్' సినిమానే. చాడ్విక్ బోస్‌మన్, ఆ సూట్, గుండెల మీద చేతులు అడ్డంగా పెట్టి చేసే ఆ సెల్యూట్. కానీ ఆ సినిమాకి రెండేళ్ల ముందే, 2016లో, కామిక్స్‌లో ఒక రచయిత వచ్చి వకాండా ప్రజల చేత రాజు మీద తిరుగుబాటు చేయించారు. ఆయన పేరు టనహాసీ కోట్స్. ఫ్యాన్స్ అప్పుడు రెండుగా చీలిపోయారు, ఇప్పటికీ కలవలేదు. స్పాయిలర్స్ ఉంటాయి, ముందే చెప్తున్నా.

ముందు కొంచెం హిస్టరీ. బ్లాక్ పాంథర్ మొదట కనిపించింది 1966లో, 'ఫెంటాస్టిక్ ఫోర్' 52వ సంచికలో. సృష్టించింది స్టాన్ లీ, జాక్ కర్బీ. ఇద్దరూ తెల్లవాళ్లే. అయినా వాళ్ళు చేసిన పని అప్పటికి చిన్నది కాదు. ఆఫ్రికా అంటే అడవి, ఆకలి అని చూపించే రోజుల్లో, అమెరికా కన్నా సైన్స్‌లో ముందున్న ఆఫ్రికా రాజ్యాన్ని చూపించారు. ఎవరూ ఆక్రమించలేకపోయిన రాజ్యం. వైబ్రేనియం అనే అరుదైన లోహం ఉన్న రాజ్యం. దానికి రాజు టిచాలా.

తర్వాత చాలామంది రాశారు. 1970లలో డాన్ మెక్‌గ్రెగర్ కిల్‌మాంగర్ అనే విలన్‌ని తెచ్చారు. 1998లో క్రిస్టొఫర్ ప్రీస్ట్ వచ్చారు. ఆయన టిచాలా అందరికన్నా పది అడుగులు ముందు ఆలోచిస్తాడు. రాజు చుట్టూ ఉండే మహిళా అంగరక్షకులు డోరా మిలాజే కూడా ప్రీస్ట్ సృష్టే. 2005లో రెజినాల్డ్ హడ్లిన్ షూరీని పరిచయం చేశారు. మా అన్నయ్యకి ప్రీస్ట్ అంటే ప్రాణం. ఆ పుస్తకాల మీద నన్ను వేలు కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

ఇక కోట్స్. ఈయన కామిక్స్ ఇండస్ట్రీ మనిషి కాదు, జర్నలిస్టు. అమెరికాలో నల్లవాళ్లకి జరిగిన అన్యాయానికి నష్టపరిహారం ఇవ్వాలని 2014లో 'ది అట్లాంటిక్' పత్రికలో పెద్ద వ్యాసం రాశారు. 2015లో ఆయన పుస్తకానికి నేషనల్ బుక్ అవార్డ్ వచ్చింది. వాళ్ళ నాన్న ఒకప్పుడు బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేశారు. ఇది వేరే సంగతి, ఆ పార్టీకీ ఈ కామిక్‌కీ సంబంధం లేదు. కామిక్ వచ్చిన కొన్ని నెలల తర్వాత పెట్టిన పార్టీ అది. కోట్స్ చిన్నప్పటి నుంచీ మార్వెల్ చదివినవాడే. అలాంటి మనిషి వకాండా రాస్తున్నాడంటే ఫ్యాన్స్ ఏం ఆశించి ఉంటారో ఊహించండి. పండగ అనుకున్నారు.

వచ్చిందేంటి? మొదటి సంచికలోనే గని కార్మికులు రాజు మీద తిరగబడతారు. మనుషుల మనసులో ఉన్న కోపాన్ని పైకి లాగే శక్తి ఉన్న జెంజీ, టెటూ అనే మాంత్రికుడు కలిసి ఉద్యమం నడుపుతుంటారు. ఇంకో పక్క డోరా మిలాజేలో ఉన్న అనేకా, ఆడవాళ్లని హింసిస్తున్న ఒక నాయకుడిని చంపుతుంది. ఆమెకి మరణశిక్ష పడుతుంది. ఆమెని ప్రేమించిన ఆయో వచ్చి జైలు బద్దలుకొట్టి తీసుకుపోతుంది. ఇద్దరూ రాజుని వదిలేసి, రాజు పట్టించుకోని ఊళ్లలో ఆడవాళ్ల కోసం పోరాడతారు. అర్థమైంది కదా? రాజు కోసం ప్రాణాలిచ్చేవాళ్ళే రాజుని ప్రశ్నించారన్నమాట.

ఇక్కడే మా గొడవ మొదలైంది.

అన్నయ్య మాట యథాతథంగా చెప్తా. "ఒరేయ్, నల్లవాళ్ళకి కామిక్స్‌లో ఉన్నదే ఒక్క కలల దేశం. టీవీ పెడితే ఆఫ్రికా అంటే యుద్ధం, తిరుగుబాటు, ఆడవాళ్ల మీద అఘాయిత్యం. అవేవీ లేని చోటు ఇదొక్కటే కదరా. దాన్ని కూడా ప్రశాంతంగా ఉండనివ్వరా? మనకేంటి, మనకి సినిమాల్లో వంద రాజ్యాలున్నాయి, మాహిష్మతి ఉంది. ఒకటి కూలితే ఇంకొకటి కడతాం. వాళ్ళకి ఇది ఒక్కటే."

నిజం చెప్పాలంటే అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. చాలామంది ఫ్యాన్స్ బాధ కూడా ఇదే. పైగా ఇంకో రెండు విషయాల్లో వాళ్ళు చెప్పింది కరెక్టే అని నేను ఒప్పుకుంటా. ఒకటి, కోట్స్ కథ నెమ్మదిగా నడుస్తుంది, ఉపన్యాసాలు ఎక్కువ. రెండు, తిరుగుబాటుని అణచడానికి టిచాలా వేరే దేశాల రహస్య పోలీసు అధికారుల్ని పిలిచి సలహా అడుగుతాడు. ప్రీస్ట్ రాసిన టిచాలాని చూసి పెరిగినవాళ్ళకి ఆ సీన్ చదువుతుంటే కడుపులో తిప్పుతుంది. మన హీరో ఎవరి పక్కన కూర్చున్నాడు అనిపిస్తుంది.

మరి నేనెందుకు కోట్స్ పక్షం? దానికి ఆ వారం రోజులు పట్టింది. అన్నయ్య మాట్లాడట్లేదు కాబట్టి, కోపంతో పాత సంచికలన్నీ వరసపెట్టి చూశా. అప్పుడు ఒక సంగతి తగిలింది.

కోట్స్ వచ్చేసరికి వకాండా ప్రశాంతంగా ఏమీ లేదు! 2010లో 'డూమ్‌వార్' కథలో డాక్టర్ డూమ్ వైబ్రేనియం కోసం మీద పడ్డాడు. 2012లో నేమోర్ సముద్రాన్ని తెచ్చి వకాండా మీద పోశాడు. 2013లో థానోస్ సైన్యం దిగింది. ఆ తర్వాత షూరీనే చనిపోయింది. ఇవన్నీ వేరే వేరే రచయితలు, పెద్ద పెద్ద ఈవెంట్ల కోసం రాసినవి. ప్రతిసారీ ఏం జరిగింది? నగరం మునిగింది, జనం చచ్చారు, పేజీ తిప్పితే హీరోలు ఇంకో యుద్ధానికి వెళ్ళిపోయారు. టిచాలా కూడా చాలాకాలం దేశం బయట, మిగతా సూపర్‌హీరోలతో కలిసి ప్రపంచాన్ని కాపాడే పనిలో ఉన్నాడు.

ఆ మునిగిపోయిన ఇంట్లో ఉన్నవాళ్ళని ఎవరైనా ఒక్క మాట అడిగారా? అడగలేదు. వాళ్ళకి పేర్లే లేవు.

కోట్స్ చేసింది ఇదే. ఆయన వకాండాని కూల్చలేదు. అప్పటికే కూలిన వకాండాలో బతుకుతున్న జనం దగ్గరికి వెళ్ళి, మీకెలా ఉంది అని అడిగారు. "రాజా, మేం మునిగిపోతుంటే నువ్వెక్కడున్నావ్?" అని గని కార్మికుడు అనుకుంటే అది ద్రోహమా? సొంత దేశం మీద హక్కు ఉందనుకునే మనిషే ఆ ప్రశ్న అడుగుతాడు.

ఇంకో విషయం. ఎవరికీ లొంగని ఆఫ్రికా రాజ్యం నిజంగా ఒకటి ఉంది కదా, ఇథియోపియా. 1896లో అడ్వా యుద్ధంలో చక్రవర్తి మెనెలిక్ సైన్యం ఇటలీని ఓడించింది. ప్రపంచంలో నల్లవాళ్ళందరికీ అది గర్వకారణం అయింది. ఇటలీ మళ్ళీ వచ్చి 1936 నుంచి 1941 దాకా ఆక్రమించింది గానీ, నిలబడలేకపోయింది. అలాంటి దేశంలో 1974లో ఏమైంది? వొల్లో ప్రాంతంలో భయంకరమైన కరువు, ధరల మంట, రోడ్ల మీద విద్యార్థులు. చక్రవర్తి హైలె సెలాసీని సైన్యం గద్దె దింపింది. సరే, ఆ తర్వాత స్వర్గం వచ్చిందా అంటే అదీ లేదు. గద్దెనెక్కిన సైనిక ప్రభుత్వం వేలమందిని చంపింది.

కోట్స్ ఇథియోపియాని చూసే రాశారని నేను అనట్లేదు. నేను చెప్పేది ఒక్కటే. బయటివాడికి లొంగకపోవడం ఒక గౌరవం. లోపలివాడి మాట వినడం ఇంకో గౌరవం. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది దానంతటదే వచ్చేయదు. కోట్స్ కథలో కూడా తిరగబడ్డవాళ్ళందరూ మంచివాళ్ళేం కాదు. జనం కోపం నిజం, దాన్ని వాడుకునే టెటూ ప్రమాదం. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. చివరికి టిచాలా ఏం చేస్తాడు? గెలిచి అందర్నీ జైల్లో వేయడు. ప్రజల ప్రతినిధులతో పాలన, రాజ్యాంగం, ఈ దారికి ఒప్పుకుంటాడు. సినిమాలో వకాండా ప్రపంచానికి ఏం చేయాలి అన్నది ప్రశ్న. ఈ కామిక్‌లో వకాండా తన సొంత మనుషులకి ఏం చేయాలి అన్నది ప్రశ్న.

డోరా మిలాజేనే తీసుకోండి. ప్రీస్ట్ రోజుల్లో వాళ్ళు రాజుకి కాబోయే భార్యలుగా శిక్షణ పొందే అమ్మాయిలు. అందంగా, ప్రమాదకరంగా, మౌనంగా పక్కన నిలబడేవాళ్ళు. కోట్స్ దగ్గర వాళ్ళకి నోరు వచ్చింది. ఆయో, అనేకాల ప్రేమకథతో రోక్సాన్ గే 'వరల్డ్ ఆఫ్ వకాండా' రాశారు. ఆరు సంచికలకే ఆపేశారు, కానీ 2018లో దానికే ఐస్నర్ అవార్డ్ వచ్చింది.

అయితే ఒక మాట. నేనూ, అన్నయ్యా ఈ ఇంట్లో అతిథులం. వకాండా మన గాయం మీద కట్టిన కల కాదు. ఒక నల్ల కుర్రాడు "నాకు తిరుగుబాటు వద్దు, నా రాజు గెలవడం చూడాలి" అంటే, నువ్వు తప్పు అని చెప్పే హక్కు నాకు లేదు. కలని కలగా ప్రేమించడం కూడా ప్రేమే. కోట్స్ దాన్ని దేశంగా ప్రేమించారు, అంతే తేడా. కలలో రాజు ఒక్కడు కనిపిస్తే చాలు. దేశం అన్నాక జనం ఉంటారు, వాళ్ళకి ఆకలి ఉంటుంది, కోపం ఉంటుంది.

వారం తర్వాత నేనే ఫోన్ చేశా. ఇదంతా చెప్పా. అన్నయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ వరద సంగతి నేను మర్చిపోయానురా," అన్నాడు. "అయినా ఆ రహస్య పోలీసుల సీన్ మాత్రం నేను క్షమించను."

సరే అన్నా. అది నేనూ క్షమించలేదు.

ఇప్పుడు మా మధ్య ఒప్పందం ఏంటంటే, తను కోట్స్‌ని మళ్ళీ మొదటి నుంచి చదవాలి. నేను ప్రీస్ట్‌ని మొత్తం చదవాలి, ఈసారి తన కాపీలే పంపిస్తాడట. పేజీలు మడతపెట్టకూడదని కండిషన్.

మీరేమంటారు? మీకు బాగా నచ్చిన కథా లోకంలో ఎవరైనా లోపాలు చూపిస్తే కోపం వస్తుందా, లేక ఆ లోకం ఇంకొంచెం నిజం అనిపిస్తుందా? కామెంట్స్‌లో రాయండి. గొడవ పడండి పర్లేదు, కానీ ఫోన్లు పెట్టేసుకోకండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటాను మరి, బై.