చేతికందని కుండకు మన మాటే పూచీ



కీసరగుట్ట జాతరలో కుండ కొనేవాళ్లు ముందుగాల వేలితో కొట్టి చూస్తరు. ఖంగుమంటే కొంటరు, బొంగురుగా పలికితే పక్కన పెడతరు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు ఆ వీలు లేదు. మట్టిపాత్రలు ఇష్టంగా సేకరించి దాచుకునేవాళ్లైతే మరీ నిక్కచ్చిగా అడుగుతరు. వాళ్ల చెయ్యి చేసే పని మన ఫొటో, మన మాట చెయ్యాలె.

నాలుగు వైపులా, అడుగున, మూతి లోపల ఫొటోలు తియ్యాలె. ఎత్తు, వెడల్పు సెంటీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాయాలె. ఎవరు చేసిన్రు, సారె మీద చేసిన్రా, అచ్చుతోనా, పొయ్యి మీద పెట్టొచ్చా అన్నది చెప్పాలె. బీట ఉంటే దాచకుండా చూపాలె.

కొత్త కుండకు పొగబెట్టి పాతదని అమ్మొద్దు. కీసరగుట్ట తవ్వకాల్లో విష్ణుకుండినుల కాలపు కట్టడాలు బయటపడ్డయి. ఆ పేరు చెప్పి మన కుండకు లేని వయసు అంటగట్టొద్దు. నిజంగా వందేళ్లు దాటిన పురావస్తువులైతే, 1972 చట్టం ప్రకారం వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలె.

పెట్టెలో కుండ కదలకుండా గడ్డి, కాగితం కూరి ప్యాక్ చేద్దాం. ఒక్కటి పగిలి వాపసు వస్తే కుండ పోతది, కొరియర్ ఖర్చు మీద పడుతది, ఆ నెల కిస్తీకి తడుముకోవాలె. ఉన్నది ఉన్నట్టు చెప్పి అమ్మితే మాత్రం కొన్నవాళ్లే మళ్లీ అడిగి తెప్పించుకుంటరు.