శ్రీహరికోటకు వెళ్తున్నారా?

పులికాట్ సరస్సుకు ఇవతల, తమిళనాడు వైపు ఉన్న మన తెలుగువారికి శ్రీహరికోట పొరుగే. మేడ ఎక్కితే రాకెట్ కనిపిస్తుంది. 2019లో ప్రజల కోసం అక్కడ గ్యాలరీ కూడా తెరిచారు. ముందుగా పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డుతో వెళ్లాలి.

"ఇంకా దగ్గరికి పోనివ్వరేం?" అని పిల్లలు అడుగుతారు. వారికి ఈ సంగతి చెప్పండి. 2006 జూలై 10న జి.ఎస్.ఎల్.వి. రాకెట్ లేచిన కాసేపటికే దారి తప్పింది. దాన్ని ఆకాశంలోనే ధ్వంసం చేయవలసి వచ్చింది. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి.

ఇలాంటి ప్రమాదం ఉంటుందనే ప్రయోగానికి ముందు జాలరులను హెచ్చరిస్తారు. ఆ పూట వారు ఆ వైపు వల వేయరు. మన వేడుక కోసం వారు ఒక పూట వేట వదులుకుంటున్నారన్నమాట! కాబట్టి పడవెక్కి దగ్గరికి పోదామనుకోకండి.

2019 జూలై 15న చంద్రయాన్-2 ప్రయోగం 56 నిమిషాల ముందు ఆగిపోయింది. చూడవచ్చినవారు ఉసూరుమంటూ వెనుదిరిగారు. 22న అది క్షేమంగా నింగికెగిసింది. ఆపితే విసుక్కోకండి, గేటు దగ్గర తోసుకోకండి.

వెలుగు ముందు కనిపిస్తుంది, చప్పుడు ఆలస్యంగా వినిపిస్తుంది. ఆ ఎడమే మనకు రక్ష. సెలవు.