ఇంటి ఋణము - ఇంటి సంత
(పి.గన్నవరమున పఠనమందిర శ్రోతల యెదుట చేసిన ఉపన్యాసము)



కాళ్ళకూరి నారాయణరావుగారి వరవిక్రయ నాటకమును గూర్చి నాలుగుమాటలు చెప్పుమని మీరు కోరితిరి. ఆ కథ నెరుగనివారు మనలో నరుదు. 1939లో సి. పుల్లయ్యగారు దానిని చలనచిత్రముగా తీసినప్పుడు భానుమతిగారు కాళింది వేషమున తొలిసారి తెరపై కనబడిరి. అయినను బాగుగా తెలిసిన కథయందే మనము చూడక విడిచినది యుండును. లింగరాజు లోభమునకు నవ్వి, కమల గెలుపునకు చప్పట్లు చరచి, యిల్లు చేరుదుము. మేము నేడు అడుగబూనిన ప్రశ్న వేరు: కాళింది చావునకు కారకులెవరు?

కథను క్లుప్తముగా జ్ఞప్తికి దెచ్చుకొందము. పురుషోత్తమరావు దేశోద్యమ ప్రభావమున దొరతనమువారి కొలువు వదలుకొన్న గృహస్థుడు. ఆయన కుమార్తెలు కాళింది, కమల. సింగరాజు లింగరాజు కుమారుడు బసవరాజుతో పెద్దపిల్లకు సంబంధము కుదురును. వేలకొలది కట్నము చేతులు మారును. తన మూలమున తండ్రి యిల్లు గుల్లయగుట చూడజాలక కాళింది ప్రాణము తీసికొనును. పెండ్లి తప్పినను లింగరాజు పైకము తిరిగి యీయడు. అంతట చెల్లెలు కమల ఆ బసవరాజునే పెండ్లాడి, అత్తవారింటికి పోనని కూర్చుండి, కొన్న సొత్తు కొన్నవారి యింటికే రావలెనని వాదించి నెగ్గును.

పురుషోత్తమరావు సత్పురుషుడని యందరు నందురు. మేమును కాదనము. కాని చూడుడు: సామ్రాజ్యపు కొలువును త్రోసిపుచ్చిన యీ ధీరుడు పెండ్లి బేరము నెదుట తల యొగ్గినాడు. దొరకు కాదని చెప్పగలిగిన నోరు వియ్యంకునకు కాదని చెప్పలేకపోయినది. ఎందువలన? కొలువు విడిచిన కష్టము తనది. కట్నము నిరాకరించిన కష్టము బిడ్డపై బడునని యాతడు భయపడెను. కూతు నొక యింటిదానిని చేయుట తండ్రి ఋణమని మన పెద్దలు చెప్పిరి. ఆ ఋణమునకు వెలకట్టినవాడు లింగరాజు. ఆ వెలయే ధర్మమనుకొని చెల్లించినవాడు పురుషోత్తమరావు. అడుగువా డొక్కడే యుండిన దురాచార మొక్కనాడైనను నిలువదు. దానికి లొంగి చెల్లించు సజ్జనుని మీదనే యది నిలుచుచున్నది. ఈ నాటకమందలి కఠిన సత్య మిదియేయని మా తలంపు.

తండ్రి తాను కూతునకు ఋణపడితి ననుకొనగా, కూతురు తానే తండ్రికి బరువైతి ననుకొన్నది. ఇరువురును ఒకరి మేలు నొకరు కోరినవారే. ప్రేమయే అప్పులెక్కగా మారినందున ఆ యింట చావు జొరబడినది. కాళింది మరణమును త్యాగమని పొగడుట మాకు సమ్మతము గాదు. అందువలన తండ్రికి మిగిలినదేమి? పైకమును రాలేదు, పిల్లయు లేదు.

పేర్లను గూడ గమనింపుడు. కాళింది యనగా యమున, యముని తోబుట్టువు. కమల యనగా నీట పుట్టు తామర. అక్క చావునుండియే చెల్లెలి తెగువ పుట్టినదని మేమర్థము చెప్పుకొందుము. ఇక బసవరాజు! బసవడనగా నెద్దు గదా. పశువుల సంతలో పండ్లు చూచి, సుడులు చూచి బేరమాడినట్లు పెండ్లికొడుకునకు బేరమాడినచోట ఇంతకంటె తగిన పేరేమి? కవి తలచి పెట్టెనో లేదో కాని పేరు కథకు చక్కగా నమరినది.

అత్తవారింటికి పోవుట కోడలి విధియని లోకము. అమ్మకము జరిగినచోట ఆ విధి చెల్లదని కమల చూపినది. లింగరాజు వ్యాపారపు మాటయే ఆమె చేతి యాయుధము. అయినను మా కొక శంక. ఆమె గెలిచినది కొనుగోలుదారుగా; కట్నమీయలేని పేదపిల్లకు ఆ వాద మక్కరకు రాదు. కమల యుపాయము రోగమును బయటపెట్టినది గాని మాన్పలేదు. ఇది నాటకమునకు దోషమని మేమనము. మాన్పవలసిన పని చూచువారిది.

మాన్పితిమా? 1892లో విజయనగరమున గురజాడవారి కన్యాశుల్కము నాడినప్పుడు అమ్ముడుపోవుచుండినది పిల్ల. కొన్ని దశాబ్దములు తిరుగునప్పటికి పిల్లవాడు సంతకెక్కెను. సరకు మారెను గాని సంత మారలేదు. 1961లో వరకట్న నిషేధ శాసనము వచ్చినది. కట్నము మాత్రము లాంఛనములని, కానుకలని పేరు మార్చుకొని మన యిండ్లలోనే కాపురమున్నది.

ఈ సీమలోని లంకల గన్నవరమునకు మండపేటనుండి కోడలై వచ్చిన డొక్కా సీతమ్మగారు (1841-1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికిని అన్నము పెట్టి యన్నపూర్ణ యనిపించుకొనిరి. వైనతేయముపై కట్టిన క్రొత్త అక్విడక్టునకు ఆమె పేరే పెట్టుకొంటిమి. ఆమె తెచ్చిన కట్నమెంతయో ఊరు తలచుకొనదు. పెట్టిన యన్నమును తలచుకొనును. కోడలివలన ఇంటికి వచ్చు ప్రతిష్ఠ యెట్టిదో తెలియుటకు ఈ ఊరివారు వేరొకచోటికి పోనక్కరలేదు.

ఈ సభలో కూతుండ్ర తండ్రులు గలరు, కొడుకుల తండ్రులు గలరు. పెక్కురకు ఇరువురును గలరు. కూతు పెండ్లికి పురుషోత్తమరావై కన్నీరు కార్చినవాడే కొడుకు పెండ్లికి లింగరాజై లెక్కలు వేయుచున్నాడు. నాటకమున ఇద్దరికిచ్చిన వేషములను మన యిండ్లలో ఒక్కడే వేయుచున్నాడు. కాబట్టి మా విన్నప మొక్కటే: మీ కొడుకు పెండ్లిమాట వచ్చిననాడు, మధ్యవర్తి అంకె చెప్పకమునుపే, మాకు వలదని చెప్పుడు. ఆ మాట కాళింది తండ్రి వియ్యంకుని నోట వచ్చియుండినచో, ఆ పిల్ల బ్రదికియుండును.