స్వీడను దేశమున క్రొత్తకాపురము



పరదేశమునకు కాపురము పోవువాడు ముందుగా నేర్వవలసినదేమి అని అడిగినచో భాష యని కొందరు, ఆచారమని కొందరు, చలికి తాళుట యని కొందరు చెప్పుదురు. స్వీడను దేశమునకు పోవువాడు మాత్రము వీటన్నిటికంటె ముందు లెక్కపుస్తకమునకు ఎక్కవలెను. ఇది హాస్యమునకు చెప్పిన మాట కాదు.

ఐరోపాఖండపు ఉత్తరభాగమున నున్న ఆ దేశపు జనసంఖ్య కోటికి కొంచెము పైన. అందు ఇంచుమించు అయిదుగురిలో ఒకరు దేశాంతరమున జన్మించినవారే. ఇటీవలి కాలమున స్టాక్‌హోము, గోటెన్‌బర్గు నగరములకు కంప్యూటరు ఉద్యోగములపై తెలుగువారును పోయి కాపురములు పెట్టుచున్నారు. కావున ఆ దేశపు నిత్యజీవనము తెలుగు పల్లెలకు వినరాని కథ కాదు.

సంవత్సరమైనను నిలువదలచి అనుమతితో వచ్చినవాడు పన్నుల శాఖ కార్యాలయమునకు పోయి జనాభా పట్టీలో పేరు వ్రాయించుకొనును. అంతట వానికొక వ్యక్తిసంఖ్య లభించును. అందు మొదట పుట్టిన తేదీ, తరువాత నాలుగంకెలు. ఆ నాలుగింటిలో మూడవది బేసియైనచో పురుషుడు, సరియైనచో స్త్రీ. చివరి యంకె తక్కిన అంకెలను గుణించి కూడగా తేలునది. వ్రాయువాడు ఒక అంకె తప్పు వ్రాసినను లెక్క కుదరక తప్పు బయటపడును. ఈ సంఖ్య 1947లో పుట్టినది. చివరి యంకె 1967లో చేరినది. లెక్కలు వ్రాసి చేయి తిరిగినవారికి దీని సొగసు తెలియును. ఇది లేనివానికి బ్యాంకిలో ఖాతా తెరచుట గగనము. ఖాతా లేనిచో ఫోనుపై చేయు సంతకము లేదు. ఆ సంతకము లేనిచో కాగితము లేని ఆ రాజ్యమున చాల పనులు సాగవు. మనిషి ఎదుట నిలిచియుండినను, పుస్తకమున లేనివాడు సగము లేనట్లే.

ఈ పట్టుదల నిన్న మొన్నటిది కాదు. 1686వ సంవత్సరపు చర్చి శాసనము ననుసరించి, ఆయా గ్రామముల మతగురువులు ఇంటింటి జనమును కూర్చి, వీరికి చదువ వచ్చునా, మతబోధ తెలిసినదా అని పరీక్షించి, ఎవరి పేరున వారి గుర్తు పుస్తకమున వేయుచు వచ్చిరి. ఇల్లాలు, కూలివాడు, పాలేరు - ఎవరికిని మినహాయింపు లేదు. 1749 నుండి జననమరణముల లెక్కలు దేశమంతటికిని కూర్చబడినవి. ఊరూర పాఠశాల యుండవలెనని చట్టము వచ్చినది 1842లో. అప్పటికే సామాన్య కర్షకులలో అనేకులకు చదువుట వచ్చియుండెను. వ్రాయుట మాత్రము అందరికిని రాలేదు. బడికంటె ముందు చదువు వచ్చిన దేశమది. ఈ జనాభా పుస్తకములు చర్చి చేతినుండి పన్నుల శాఖ చేతికి మారినది 1991 జూలై 1వ తేదీననే.

పుస్తకమున చేరుట సులభము. పొరుగింట చేరుట కష్టము. తెలుగు గ్రామమున క్రొత్త కుటుంబము దిగినచో, సామాను బండి దిగకమునుపే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎందరు పిల్లలు అని పదిమంది అడుగుదురు. సాయంకాలమునకు ఒక గిన్నెడు మజ్జిగ యైనను వచ్చును. అక్కడ పొరుగువాడు మెట్లపై ఎదురైనచో ఒక్క పలకరింపుతో తలుపు వేసికొనును. నెలలు గడచినను పేరు అడుగడు. వచ్చినవాడు దానిని తిరస్కారమని తలచి లోలోన కుములును. ఎదుటివాని జోలికి పోకుండుటయే అక్కడి మర్యాద యని తెలియుటకు చాల కాలము పట్టును. తెలిసిన పిమ్మటను బాధ పోదు. భర్త ఉద్యోగమునకు పోగా, డిసెంబరు మాసమున ఆరు గంటల పగలు మాత్రమే యుండు స్టాక్‌హోములో, కిటికీ యొద్ద కూర్చున్న ఇల్లాలికి ఆ మర్యాద గోడవలె తోచును.

ఇట్లు దూరముగా నుండు జనులే ఎంతవానినైనను "నువ్వు" అందురు! ఇది విన్న తెలుగువానికి ఆశ్చర్యము కలుగకుండునా? పూర్వము ఆ దేశమున బిరుదు చేర్చనిదే పిలుచుట అమర్యాద. ఎదుటివాని బిరుదు తెలియనిచో వాక్యమునే త్రిప్పి పలుకవలసి వచ్చెడిది. 1967లో వైద్యశాఖకు అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సేడ్ అను నాతడు ఉద్యోగులందరిని "నువ్వు" అనియే పిలుతునని ప్రకటించెను. మార్పు అంతకుమునుపే మొదలైనను ఆ మాటతో ఊపందుకొనెను. నేడు విద్యార్థి ఆచార్యుని పేరు పెట్టి పిలుచును, రాజకుటుంబమునకే మినహాయింపు. "సార్" అనక నోట మాట రాని తెలుగు యువకుడు పై అధికారిని పేరు పెట్టి పిలుచుటకు మొదట ఎంత తడబడునో ఊహింపవచ్చును. అచట "మీరు" అనుటయే గౌరవమునకు బదులు దూరమును తెలుపునని గ్రహించిన నాడు సగము దేశము అర్థమైనట్లు.

చిన్న సంగతులలోనే క్రొత్తవాడు ఎక్కువగా తప్పటడుగు వేయును. అనేక కుటుంబములుండు కట్టడములలో బట్టలుదుకు యంత్రములకు ఉమ్మడి గది యుండును. ఎవరి వంతు ఏ నాడు, ఏ గంటకు అని ముందుగా గుర్తు పెట్టుకొనవలెను. వంతు దాటి అరగంట నిలిచినను, యంత్రపు జల్లెడలో నూలుపీచు వదలినను ముఖముమీద ఎవరును అనరు. మరునాడు గోడపై పేరు లేని చీటీ వెలయును. బావి యొద్ద బిందెల వరుసకై జరుగు వాగ్వాదము అక్కడ చీటీల మీద జరుగును. గుమ్మము కడ పాదరక్షలు విడుచుట మాత్రము తెలుగువానికి ఎవరును నేర్పనక్కరలేదు.

బిడ్డల విషయము వేరు. అక్కడ తప్పటడుగు చెల్లదు. 1979 నుండి బిడ్డను కొట్టుట తలిదండ్రులకును నిషిద్ధము. శిశువు పుట్టినచో తలిదండ్రులకు కలిపి 480 దినముల భృతితో సెలవు. అందు ఒక్కొక్కరికి 90 దినములు రెండవవారికి ఈయరానివి. బండిలో బిడ్డను త్రోయుచు పగటివేళ వీథిని పోవు తండ్రిని చూచి అక్కడ ఎవరును నవ్వరు.

ఇక భాష. స్వీడను జనులలో చాలమందికి ఇంగ్లీషు చక్కగా వచ్చును. అదియే వచ్చినవానికి ఉచ్చు. ఇంగ్లీషుతో అంగడి గడచును, ఆఫీసు గడచును, కాపురము గడవదు. పదిమంది కూర్చుండి కాఫీ త్రాగునప్పుడు అతిథి కొరకు కొంతసేపు ఇంగ్లీషు మాటలాడి, పిదప అందరును స్వభాషలోనికి జారుదురు. కార్యాలయములలో ఈ కాఫీవేళకు 'ఫీక' యని పేరు. పని యున్నదని దానికి రాకుండుట శ్రద్ధ యనిపించుకొనదు, ఎడముఖ మనిపించుకొనును. వలసవచ్చిన పెద్దలకు స్వీడిషు భాషను మ్యునిసిపాలిటీలు ఉచితముగా నేర్పును. ఆ బడికి పోయినవారును పోనివారును అయిదేండ్ల తరువాత ఒకే వీథిలో వేర్వేరు దేశములలో నున్నట్లుందురు.

ఈ రజతోత్సవ సభకు తగిన సంగతి యొకటి కలదు. 2014లో అమలునకు వచ్చిన అక్కడి గ్రంథాలయ చట్టము ననుసరించి ప్రతి మ్యునిసిపాలిటీకి పౌరగ్రంథాలయము ఉండి తీరవలెను. గ్రంథములు రుసుము లేకుండ ఎరువీయవలెను. మాతృభాష స్వీడిషు కానివారిపై ప్రత్యేక దృష్టి నిలుపవలెను. చలికాలమున ధనము ఖర్చు లేకుండ, ఎందుకు వచ్చితివని అడుగువారు లేకుండ కూర్చుండదగిన వెచ్చని చోటు అదియే. నోబెలు బహుమానము నందిన తొలి రచయిత్రి సెల్మా లాగెర్లోఫ్ పాఠశాలల కొరకు వ్రాసిన పుస్తకమున నీల్సు అను బాలుడు పెద్దబాతు వీపున కూర్చుండి దేశమంతయు చూచును. భాష నేర్చు పెద్దలకును అది మంచి త్రోవ. ఇరుగుపొరుగు కలిసి చదువుకొను అధ్యయన గోష్ఠులు 1902 నుండియు ఆ దేశమున సాగుచున్నవి. తలుపు తట్టి స్నేహము చేయరాని చోట కలిసి చదివియో, కలిసి పాడియో స్నేహము చేయవచ్చును.

చలి విడిచి వేసవి వచ్చినచో ఆ జనులే మారిపోవుదురు. అడవి ఎవరి పట్టాలోనిదైనను అందరును అందు నడువవచ్చును, పండ్లు ఏరుకొనవచ్చును. ఇంటి ఆవరణమును, పైరును మాత్రము త్రొక్కరాదు. అనాదిగా వచ్చిన ఈ హక్కు 1994లో రాజ్యాంగమున చేరినది. గట్టు జానెడు జరిగినచో న్యాయస్థానముల కెక్కు తెలుగు రైతునకు ఇది నమ్మశక్యము కాదు. అప్పుడు మెట్లపై ముఖము త్రిప్పుకొనిన పొరుగువాడే బకెట్టు పట్టి, రమ్మని పిలిచి, ఏ పండు తినవచ్చునో ఏది తినరాదో ఓపికగా చూపును. పసుపుపచ్చని పుట్టగొడుగులు దొరకు చోటు మాత్రము అడుగరాదు. అది ప్రాణస్నేహితునికైనను చెప్పరట.