పైపు తీసినా పిన్ను ఎందుకు దిగింది?

(రాత్రి బడిలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)

 

ఈ రోజు వాచకం పక్కన పెడదాం. ఒక పనిముట్టు గురించి మాట్లాడుకుందాం. మీలో కొందరు సోఫాల షాపులో పని చేస్తున్నారు. రోజంతా ఆ పనిముట్టు మీ చేతిలోనే ఉంటుంది. అదే పిన్నుల గన్ను. గాలితో నడిచే గన్ను. టప్ టప్ మని పిన్నులు కొడుతుంది. గుడ్డను, రెక్సిన్ను చెక్కకు పట్టిస్తుంది.

నేను టీచర్ ట్రైనింగు చదివిన దాన్ని. సోఫా పని నాకు రాదు. మరి గన్ను గురించి నేనెందుకు చెబుతున్నాను? దానికో కారణం ఉంది.

మన బడికి వచ్చే ఒక అన్న నాలుగు రోజులు కనిపించలేదు. ఐదో రోజు వచ్చాడు. ఎడమ చేతి వేలికి పెద్ద కట్టు.

"ఏమైంది అన్నా?" అని అడిగాను.

"గన్నులో పిన్ను ఇరుక్కుంది టీచరమ్మా. తీస్తుంటే ఇంకో పిన్ను వేలులో దిగింది" అన్నాడు.

"పైపు తీయలేదా?" అన్నాను.

షాపులో కూడా అందరూ అదే అడిగారట. "పైపు తీయకుండా చెయ్యి పెట్టావు. తప్పు నీదే" అన్నారట. ఆస్పత్రి ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు. నాలుగు రోజుల కూలీ పోయింది. ఆయన మాత్రం ఒకటే మాట. "పైపు తీశాను టీచరమ్మా. ఒట్టు. తీసిన తర్వాతే చెయ్యి పెట్టాను."

ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా నమ్మలేదు.

తర్వాత ఆ గన్నును రిపేరుకు తీసుకుపోతుంటే నేనూ వెంట వెళ్ళాను. బాగు చేసే పెద్దాయన గన్నును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇతను అబద్ధం చెప్పలేదమ్మా. కప్లింగు తిరగేసి బిగించారు" అన్నాడు.

అప్పుడు ఆయన చెప్పిన సంగతి, గన్నుతో వచ్చే చిన్న పుస్తకంలోనూ ఉంది. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అందుకే నేను చదివి మీకు చెబుతున్నాను.

గన్ను ఎలా పని చేస్తుంది?

కంప్రెసరు గాలిని ట్యాంకులో కుక్కుతుంది. ఆ గాలి పైపులోంచి గన్నులోకి వస్తుంది. గన్ను పిడి లోపల బోలుగా ఉంటుంది. అక్కడ గాలి నిలిచి ఉంటుంది. మీరు ట్రిగ్గరు నొక్కగానే ఆ గాలి పిస్టనును తోస్తుంది. పిస్టనుకు ఒక సన్నటి బ్లేడు ఉంటుంది. అది ఒక పిన్నును కొట్టి చెక్కలోకి దించుతుంది. కనురెప్ప వేసే లోపు ఇదంతా అయిపోతుంది.

ఇప్పుడు ఒక మాట బాగా వినండి. పిన్నును కొట్టేది పైపు కాదు. గన్ను లోపల ఉన్న గాలి. పైపు తీసినా లోపల గాలి మిగిలి ఉంటే గన్ను పేలుతుంది.

పైపు తీస్తే లోపలి గాలి పోవాలి కదా? పోవాలి. కానీ అది కప్లింగును బట్టి ఉంటుంది. కప్లింగులో రెండు ముక్కలు ఉంటాయి. ఒకటి సన్నటి ముక్క. దాని మధ్యలో రంధ్రం ఉంటుంది. మూత ఉండదు. రెండోది లావు ముక్క. దాని లోపల మూత ఉంటుంది. సన్నటి ముక్కను లాగగానే ఈ మూత మూసుకుంటుంది. గాలిని ఆపేస్తుంది.

సన్నటి ముక్క గన్నుకు ఉండాలి. లావు ముక్క పైపుకు ఉండాలి. అప్పుడు పైపు తీయగానే గన్నులోని గాలి 'తుస్' మని పోతుంది. పైపులో గాలి పైపులోనే ఆగుతుంది.

అన్న షాపులో ఏం జరిగింది? కొత్త పైపు వేసినప్పుడు ఎవరో లావు ముక్కను గన్నుకు బిగించారు. పైపు తీయగానే మూత పడింది. గాలి గన్నులోనే చిక్కుకుంది. అన్న వేలు మూతి దగ్గర ఉంది. ఇంకో చెయ్యి ట్రిగ్గరుకు తగిలింది. పిన్ను దిగింది.

రేపు షాపుకు పోగానే మొదట ఇదే చూడండి. గన్నుకు ఏ ముక్క ఉంది? సన్నదా, లావుదా? లావుది ఉంటే ఆ గన్ను ముట్టవద్దు. కప్లింగు మార్పించమని అడగండి.

ఇరుక్కున్న పిన్ను తీయడం ఎలా?

మొదట ట్రిగ్గరు మీద నుంచి వేలు తీయండి. గన్ను మూతిని మనుషుల వైపు కాకుండా పెట్టండి. తర్వాత పైపు ఊడదీయండి. 'తుస్' మన్నదా, వినండి. ఇప్పుడు పిన్నుల పెట్టె తెరిచి, మిగిలిన పిన్నులు తీసేయండి. పనికిరాని చెక్కకు మూతి ఆనించి ఒకసారి ట్రిగ్గరు నొక్కండి. ఏ చప్పుడూ రాకూడదు. అప్పుడు ఇరుక్కున్న పిన్నును పటకారుతో లాగండి. వేలితో గెలకవద్దు.

పిన్నులు నింపేటప్పుడు కూడా పైపు తీయాలి. నూనె వేసేటప్పుడు తీయాలి. అన్నానికి పోయేటప్పుడు తీయాలి. ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడూ తీయాలి.

అంకెలు చదువుదాం

మనం అంకెలు నేర్చుకున్నాం. అవి ఇక్కడ పనికి వస్తాయి.

పిన్నుల డబ్బా మీద 8010 అని ఉంటుంది. 80 అంటే పిన్ను రకం. 10 అంటే కాలు పొడవు 10 మిల్లీమీటర్లు. గన్ను 8016 రకం అయితే, 80 రకం పిన్నుల్లో 16 మిల్లీమీటర్ల వరకు పడతాయి. వేరే రకం పిన్నులు పెడితే ఇరుక్కుంటాయి.

ఇక గాలి మీటరు. ఈ గన్నులకు మామూలుగా 60 నుంచి 100 పౌండ్ల గాలి వాడతారు. కొన్ని మీటర్ల మీద కిలోల అంకెలు ఉంటాయి. అక్కడ 4 నుంచి 7 అన్న మాట. కారు టైరులో గాలి 30 పౌండ్లకు అటూ ఇటూ ఉంటుంది. అంటే గన్నులో గాలి దానికి రెండు మూడు రెట్లు! మీ గన్ను మీద ఏ అంకె రాసి ఉంటే అదే హద్దు. అది దాటకూడదు.

కంప్రెసరుకు రెండు మీటర్లు ఉండవచ్చు. ఒకటి ట్యాంకులో గాలి చూపిస్తుంది. రెండోది పైపులోకి పోయే గాలి చూపిస్తుంది. మీరు చూడవలసింది రెండోది. తక్కువ గాలితో మొదలుపెట్టండి. పనికిరాని చెక్క మీద కొట్టి చూడండి. పిన్ను పైకి నిలబడితే కొంచెం పెంచండి. గుడ్డ తెగితే తగ్గించండి.

కంప్రెసరు లేదని ఆక్సిజన్ సిలిండరు గానీ, వేరే గ్యాసు గానీ ఎప్పుడూ తగిలించవద్దు. గన్ను పగిలి ప్రాణం పోతుంది.

కన్ను, చెయ్యి జాగ్రత్త

పిన్ను చెక్క ముడికి గానీ, పాత పిన్నుకు గానీ తగిలితే పక్కకు ఎగురుతుంది. అందుకే కంటి అద్దాలు పెట్టుకోవాలి. పక్కన నిలబడి గుడ్డ లాగిపట్టే మనిషి కూడా పెట్టుకోవాలి. పాత సోఫా అయితే ముందు పాత పిన్నులు పీకాలి. గుడ్డ పట్టుకున్న చెయ్యి మూతికి ఎదురుగా ఉండకూడదు. ట్రిగ్గరు నొక్కి పట్టి నడవకూడదు. సరదాకు కూడా ఎవరి వైపూ చూపకూడదు. పైపు గాలితో ఒంటి మీద దుమ్ము ఊదుకోకూడదు.

రోజూ చేయవలసిన పని

సాయంత్రం కంప్రెసరు ఆపి, ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పి నీళ్ళు వదలండి. గాలిలోని తేమే ఆ నీళ్ళు. అవి గన్నులోకి పోతే తుప్పు పడుతుంది. ఉదయం గాలి వచ్చే రంధ్రంలో రెండు మూడు చుక్కల గన్ను నూనె వేయండి. బండి ఇంజను ఆయిలు వేయవద్దు. పెట్రోలుతో గానీ, కిరోసిన్‌తో గానీ కడగవద్దు. లోపలి రబ్బరు రింగులు పాడవుతాయి. నిప్పు ప్రమాదం కూడా.

మరలు వదులైతే బిగించండి. పైపు పగుళ్ళు చూడండి. ట్రిగ్గరు నొక్కి వదిలితే వెనక్కి రావాలి. రాకపోయినా, గన్నులోంచి గాలి కారుతున్నా వాడవద్దు. రిపేరుకు ఇవ్వండి.

పిన్ను దిగితే?

గాలి ఆపండి. పిన్ను లోతుగా దిగితే మీరే లాగవద్దు. శుభ్రమైన గుడ్డ చుట్టి ఆస్పత్రికి పోండి. ధనుర్వాతం సూది గురించి డాక్టరును అడగండి. కంటికి తగిలితే నలపవద్దు, కడగవద్దు. వెంటనే కంటి ఆస్పత్రికి పోండి.

చివరగా ఒక్క మాట

ఆ అన్న ఇప్పుడు ఇక్కడే కూర్చుని ఉన్నాడు. మొన్న తన చేత్తో ఒక కాగితం రాశాడు. "నేను పైపు తీశాను. కప్లింగు తిరగేసి ఉంది. తప్పు నాది కాదు. ఆస్పత్రి ఖర్చు ఇప్పించండి." కింద సంతకం పెట్టాడు. వేలిముద్ర కాదు, సంతకం. షాపు యజమాని కాగితం చదివాడు. రిపేరు చేసిన పెద్దాయనను అడిగాడు. కప్లింగు మార్పించాడు. సగం ఖర్చు ఇచ్చాడు. మిగతా సగం ఇంకా రావాలి. అడుగుతూనే ఉంటానని అన్న చెబుతున్నాడు.

అన్నా, ఆ రోజు మీ మాట నమ్మనందుకు అందరి ముందూ క్షమించమని అడుగుతున్నాను.



గుర్తుంచుకుందాం

చెయ్యి పెట్టే ముందు పైపు తీయాలి.
సన్నటి ముక్క గన్నుకు, లావు ముక్క పైపుకు.
గన్ను మీద రాసిన అంకె దాటి గాలి పెట్టకూడదు.
కంటి అద్దాలు పెట్టుకోవాలి.
రోజూ ట్యాంకు నీళ్ళు వదలాలి.

జవాబులు రాయండి

1. పైపు తీసినా గన్ను ఎందుకు పేలింది?
2. డబ్బా మీద 8010 అని ఉంటే పిన్ను కాలు పొడవు ఎంత?
3. మీరు వాడే పనిముట్టు మీద ఏ అంకెలు ఉన్నాయి? చూసి రాసుకు రండి.