పాఠశాల భవనం: దానమా, హక్కా?

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగానికి పాఠం)



ఒక పాఠశాల 75 సంవత్సరాలు నిలిచినదంటే దానికి చదువు చెప్పినవారి నిష్ఠ ఒక కారణం, బిడ్డలను పంపినవారి విశ్వాసం మరొక కారణం. ఈ రెండింటినీ గురించి ఈ వేదికపై పెద్దలు చక్కగా సెలవిచ్చారు. ఈ రెండింటికీ నీడనిచ్చిన మూడవది ఒకటి ఉన్నది. అది భవనం. సున్నం వేసి, మామిడి తోరణాలు కట్టిన ఉత్సవ దినాన దాని వయస్సు కనబడదు. ఈశాన్య ఋతుపవనం దిగిన కార్తికంలో కనబడుతుంది.

పాత పాఠశాలలలో ఆ రోజులలో జరిగేది అందరికీ తెలిసినదే. పెంకు జారిన చోట నీరు కారుతుంది. మూడవ తరగతి పిల్లలు పుస్తకాలు గుండెలకు హత్తుకొని నాల్గవ తరగతి గదిలోకి వెళ్ళి సర్దుకుంటారు. ఒకే నల్లబల్లకు నడుమ గీత గీసి ఇద్దరు ఉపాధ్యాయులు రెండు పాఠాలు చెబుతారు. హాజరు పట్టీలో అందరూ వచ్చినట్టే ఉంటుంది. పోయిన పాఠం మాత్రం ఏ పట్టీకీ ఎక్కదు.

పాఠం పోవడంతో సరిపోతే అదృష్టమే. 2004 జూలై 16వ తేదీన కుంభకోణంలో ఒక పాఠశాలలో వంటశాల నుండి లేచిన నిప్పు పూరికప్పుకు అంటుకొని 94 మంది చిన్నారులను బలిగొన్నది. ఇరుకైన మెట్లు వారిని బయటకు రానీయలేదు. 2021 డిసెంబరు 17వ తేదీన తిరునెల్వేలిలో ఒక ఎయిడెడ్ పాఠశాలలో మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు మరణించారు. కుంభకోణం దుర్ఘటన నేపథ్యంగా దాఖలైన వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం 2009లో తీర్పు చెబుతూ, విద్యాహక్కులో సురక్షితమైన పాఠశాలను పొందే హక్కు కూడా ఇమిడి ఉన్నదని స్పష్టం చేసింది. అనగా కప్పు, గోడ, మెట్లు అనేవి చదువుకు వెలుపలి విషయాలు కావు. అవి చదువులో భాగమే.

ఈ హక్కుకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న. 2002లో రాజ్యాంగానికి చేసిన 86వ సవరణ ఆరు నుండి పద్నాలుగేళ్ళ బాలబాలికలకు విద్యను ప్రాథమిక హక్కుగా చేసింది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయునికొక తరగతి గది, బాలురకు బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీరు, ఆటస్థలం, ప్రహరీగోడ ఉండవలెనని నిర్దేశించింది. అదే చట్టంలోని 19వ విభాగం, అప్పటికే నడుస్తూ ఈ ప్రమాణాలు లేని పాఠశాలలు మూడేళ్ళలో తమ సొంత ఖర్చుతో వాటిని సమకూర్చుకోవలెనని చెప్పింది. పేద బిడ్డలకు ఉచితంగా చదువు చెప్పే పాఠశాలకు ఆ సొంత ఖర్చు ఎక్కడ నుండి వస్తుంది? అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో తీర్పు వచ్చింది. చట్టం నుండి మినహాయింపు లభించినా, వానకూ గాలికీ మినహాయింపు లేదు.

ఎయిడెడ్ పాఠశాలకు ప్రభుత్వం చేసే సాయం చిన్నది కాదు. ఉపాధ్యాయుల జీతాలు, మధ్యాహ్న భోజనం, పాఠ్యపుస్తకాలు ప్రభుత్వ ధనంతోనే వస్తున్నవి. ఇందుకు కృతజ్ఞత చెప్పవలసినదే. అయితే భవన నిర్మాణం, పెద్ద మరమ్మతుల భారం ప్రధానంగా యాజమాన్యాల మీదనే ఉన్నది. భవన దృఢత్వం, అగ్నిమాపకం, పారిశుద్ధ్యం గురించిన ధ్రువపత్రాలను తెమ్మని ఆజ్ఞాపించే ప్రభుత్వం, వాటిని తెచ్చుకోదగిన స్థితిలో భవనాన్ని నిలపడానికి తగినంత ధనం ఇవ్వదు. పరీక్ష పెట్టి పాఠం చెప్పకపోవడం వంటిదిది.

2022లో తమిళనాడు ప్రభుత్వం ఆచార్య అన్బళగన్ పేరిట, ప్రభుత్వ పాఠశాలల అభివృద్ధికై అయిదేళ్ళలో 7,000 కోట్ల రూపాయల పథకాన్ని ప్రకటించింది. ఇది హర్షింపదగిన నిర్ణయం. వీధికి ఆవలి వైపున ఉన్న ఎయిడెడ్ పాఠశాలలో కూర్చున్న బిడ్డ కూడా అదే కూలివాని బిడ్డ, అదే ప్రభుత్వపు బిడ్డ అన్న సంగతిని గుర్తు చేయడం ఆ పథకాన్ని తప్పుపట్టడం కాదు. సాయం ఇచ్చేటప్పుడు భాషాపరమైన అల్పసంఖ్యాకుల యాజమాన్యంలో ఉన్నదన్న కారణం చేత ఏ విద్యాసంస్థ పట్లా వివక్ష చూపరాదని రాజ్యాంగంలోని 30వ అధికరణం చెబుతున్నది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన సౌకర్యాలు కల్పించవలెనని 350-ఏ అధికరణం చెబుతున్నది. గది లేని చోట ఆ సౌకర్యం మాటగానే మిగులుతుంది.

కావలసినది రెండు గుణాలు గల సాయం. ఒకటి, అది చాలినంత ఉండాలి. పగులుకు పూత వేయడానికి సరిపోయే మొత్తం ఏటేటా ఇచ్చి, కప్పు మార్చడానికి కావలసినది ఎన్నడూ ఇవ్వకపోతే, పూతలకు పోయిన ధనమే కొన్నేళ్ళకు కొత్త కప్పు వెలను మించుతుంది. రెండు, అది న్యాయంగా ఉండాలి. అందరికీ సమానంగా పంచడమే న్యాయం కాదు. నిన్న కట్టిన భవనానికీ, 70 ఏళ్ళ నాటి భవనానికీ ఒకే మొత్తం ఇస్తే రెండవదానికి అన్యాయమే జరుగుతుంది. ఏ పాఠశాలలో ఎన్ని గదులు బాగున్నవి, ఎన్నిటికి చిన్న మరమ్మతులు, ఎన్నిటికి పెద్ద మరమ్మతులు కావాలి అన్న వివరాలను ప్రభుత్వం ఏటా యూడైస్ పత్రంలో సేకరిస్తూనే ఉన్నది. ఆ లెక్కను బట్టి, అత్యవసరమైన చోటికి ముందుగా ధనం చేరాలి. వేసవి సెలవులకు ముందే చేరాలి. వాన మొదలైన తరువాత మంజూరైన కప్పు ఆ ఏటి పిల్లలకు నీడనివ్వదు.

ప్రైవేటు యాజమాన్యపు ఆస్తి మీద ప్రజాధనం వెచ్చించడం తగునా అన్న సందేహం న్యాయమైనదే. దానికి సమాధానం నిరాకరణ కాదు, నిబంధన. సాయం పొందిన స్థలాన్నీ భవనాన్నీ విద్యకు తప్ప అన్యకార్యాలకు వాడబోమని యాజమాన్యం పత్రం వ్రాసి రిజిస్టరు చేయాలి. పాఠశాల మూతపడితే ఆ సాయం తిరిగి ప్రభుత్వానికి చేరాలి. ఖర్చు లెక్కలు తల్లిదండ్రుల ఎదుట చదవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరంభమైన మనబడి నాడు-నేడు పథకం తొలి విడతలో 15,715 పాఠశాలలను చేపట్టి, పనుల నిర్వహణను తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించింది. సామాన్యులకు ఇటువంటి బాధ్యత అప్పగించవచ్చునని ఆ ప్రయత్నం చూపింది.

ఇక దాతల మాట. ఈ నాట పాఠశాలను ఊరే కాపాడుకున్న సంప్రదాయం ఉన్నది. కామరాజ్ ముఖ్యమంత్రిగా, సుందరవడివేలు విద్యాశాఖ సంచాలకులుగా ఉన్న కాలంలో 1958 నుండి జరిగిన పాఠశాల అభివృద్ధి సమ్మేళనాలలో ఊరివారు బల్లలు, గడియారాలు, గదులు కానుకలుగా ఇచ్చారు. ఆ ఔదార్యం నేటికీ పూర్వ విద్యార్థులలో సజీవంగా ఉన్నది. కాని దానం సంపద ఉన్న చోటికి ఎక్కువగా, లేని చోటికి తక్కువగా ప్రవహిస్తుంది. ఉన్నత పదవులలో పూర్వ విద్యార్థులున్న పాఠశాలకు మేడ లేస్తుంది. కూలివారి పేటలోని పాఠశాలకు గోడ కూలుతుంది. అందుచేత దానం గ్రంథాలయానికి, ప్రయోగశాలకు, బహుమతులకు అలంకారం కావాలి. కప్పుకూ గోడకూ ఆధారం మాత్రం ప్రభుత్వమే కావాలి.

తల్లిదండ్రులారా, భవన దృఢత్వ ధ్రువపత్రాన్ని అడిగి చూడటం మీ హక్కు. మార్కుల పట్టీ చూసినంత శ్రద్ధతో దానినీ చూడండి. పూర్వ విద్యార్థులారా, విరాళంతో పాటు ఒక వినతిపత్రం మీద సంతకం కూడా ఇవ్వండి. ప్రజాప్రతినిధుల వద్దకు ఆ పత్రం పట్టుకొని వెళ్ళేటప్పుడు వెంట నడవండి. ఉపాధ్యాయులారా, నెర్రె కనబడిన రోజుననే తేదీ వేసి వ్రాసి ఉంచండి. ఆ కాగితమే రేపటి నిధులకు ఆధారమవుతుంది.

శతాబ్ది ఉత్సవానికి ఇంకా 25 ఏళ్ళున్నవి. ఆ నాటి మూడవ తరగతి పిల్లలు వాన కురిసే వేళ పుస్తకాలు ఎత్తుకొని పక్కగదికి పరుగెత్తక, తమ చోటనే కూర్చొని పాఠం వినగలిగితే, ఈ ఉత్సవం సార్థకమైనట్టే.

స్వస్తి.