చిన్న కళాశాలలకు ఆటల పొత్తు
(తిరువూరు యౌవనుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ దినములలో ఆటల ముచ్చట ఎందుకని కొందరు పెద్దలు అనుకొనవచ్చును. పౌలు భక్తుడే కొరింథు సంఘమునకు వ్రాయుచు పందెములో పరుగెత్తువారిని ఉదాహరణగా తీసుకొన్నాడు గనుక మాకా సంకోచము లేదు. మన పిల్లలు ఆడు బాస్కెట్‌బాలు 1891లోను, వాలీబాలు 1895లోను అమెరికాలో వై.ఎం.సి.ఏ. వారి యొద్దనే పుట్టినవి. వారి పక్షముననే హెచ్.సి. బక్ దొరగారు 1920లో మద్రాసున వ్యాయామ విద్యా కళాశాల స్థాపించిరి. మన అజరయ్యగారు కూడ 1912లో దోర్నకల్ బిషప్ కాకమునుపు చాలకాలము వై.ఎం.సి.ఏ. కార్యదర్శియే.

ఇక మన ఊరి సంగతి. ఈ చుట్టుపట్ల కళాశాలలు చాలవరకు చిన్నవి, ప్రైవేటువి. కొన్నిటికి తరగతి గదులే గాని ఆటస్థలము లేదు. 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయము క్రింద ఉన్ననాడును, 2008లో మచిలీపట్నమున కృష్ణా విశ్వవిద్యాలయము వచ్చిన తరువాతను కళాశాలల మధ్య పోటీలు జరుగుచునే యున్నవి, మంచిదే. అయితే నాకౌటు పద్ధతిలో ఓడినవారికి మరునాడు ఆట ఉండదు. ఇక్కడినుండి విజయవాడకే సుమారు 75 కిలోమీటర్లు. తెల్లవారుజామున బస్సెక్కి, పెద్ద కళాశాలవారితో ఒక్క ఆట ఆడి, ఓడి, రాత్రికి ఇల్లు చేరిన కుర్రవాడు ఏమి నేర్చుకొన్నట్టు? బలవంతుని ఏరుటకు ఆ పద్ధతి చాలును. బలహీనుని పెంచుటకు చాలదు.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలను 1885లో స్థాపించినది అమెరికా లూథరన్ మిషనరీలు. ఆ దేశపు లూథరన్లే 1832లో పెన్సిల్వేనియాలో గెట్టిస్‌బర్గ్ కళాశాల నెలకొల్పియున్నారు. అది మరి ఏడు చిన్న ప్రైవేటు కళాశాలలతో కలిసి 1981లో ఫుట్‌బాలుకొక పొత్తు కట్టుకొన్నది; 1993 నుండి ఇతర ఆటలును అందులో చేరినవి. దాని పేరు సెంటెన్నియల్ కాన్ఫరెన్స్, అనగా శతవార్షిక సమాఖ్య. మనకీ ఏడాది చెవికి ఇంపైన పేరే! అందలి కళాశాలలు ఆటగాండ్రకు ఆట నిమిత్తము స్కాలర్‌షిప్పులు ఇయ్యవు. దాదాపు సమాన బలముగల ఇరుగుపొరుగువారు లీగు పద్ధతిలో ఒకరితో ఒకరు ఆడుదురు. ఈ వారము ఓడినను వచ్చే వారము ఆట ఉన్నది.

తిరువూరు, విస్సన్నపేట, మైలవరము, నూజివీడు కళాశాలలు అట్లు పొత్తు కట్టలేవా? వారి డబ్బు మనకు లేదన్నది నిజమే. కబడ్డీకి డబ్బెంత కావలెను? మగపిల్లలకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు నేల. ఆడపిల్లలకు 12, 8 చాలును. అందరికంటె ఆడపిల్లలకే ఇది అవసరమని మా తలంపు. చీకటి పడునని తల్లిదండ్రులు దూరపు పోటీలకు పంపరు. వారి భయమును మేము తప్పు పట్టము. ప్రక్క ఊరిలో ఆడి దీపాలవేళకు ఇల్లు చేరుదురన్న పంపరా?

యాజమాన్యములను ఒప్పించుట కష్టమే. ఫీజు తెచ్చునది మార్కులే గాని ఆట కాదని వారి లెక్క. కావున ముందు స్థలము మనమే చూపుదము. శనివారము సాయంత్రము మన గుడి ఆవరణ ఖాళీగానే యుండును. ఏ మతపు పిల్లలైనను, ఏ కళాశాల పిల్లలైనను వచ్చి ఆడుకొనవచ్చునని గేటు తెరచి ఉంచుదము. వాలీబాలు కోర్టుకు 18 మీటర్లు, 9 మీటర్లు కావలెను, చుట్టును కొంత విడిచి. పడమటి గోడ ప్రక్క అది పట్టునో లేదో పెద్దలు టేపు పట్టి కొలిచి, వచ్చే కమిటీనాటికి చెప్పవలెనని కోరుచున్నాము.